చిన్న లారీకి బాడీ కట్టుట

పులివెందుల అరటిగెలలను, జమ్మలమడుగు ప్రాంతపు నాపరాళ్లను మోయు లారీలు ప్రొద్దుటూరు బాటలపై కనిపించుచుండును. అట్టి లారీని పదింట ఒకవంతునకు తగ్గించి, రేడియో తరంగములచే దూరమునుండి నడుపవచ్చును. రాళ్లపై మెల్లగా ప్రాకు ఈ బొమ్మబండిని క్రాలర్ అందురు.

దీనికి బాడీ కట్టువాడు మొదట అసలు లారీని కొలుచును. 240 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మలో 24 సెంటీమీటర్లగును. పొడవు, ఎత్తులును అట్లే తగ్గవలెను. ఒక్క కొలత తప్పినను రూపు చెడును.

అయితే పోలిక మాత్రమే చాలదు. గండికోట దగ్గరి బండల వంటి చోట ఒక చక్రము రాతిపై కెక్కగానే బండి ప్రక్కకు ఒరుగును. పైభాగము బరువైనచో గరిమనాభి ఎత్తున నుండును. దానినుండి నేలకు దిగు నిలువుగీత చక్రముల హద్దు దాటినచో బండి బోల్తాపడును. కావుననే దిట్టమైన చెక్కను విడిచి పలుచని ప్లాస్టిక్ రేకుతో పైభాగమును కట్టుదురు. బరువైన బ్యాటరీని వీలైనంత క్రిందుగా అమర్చుదురు.

సరకును మిక్కిలి ఎత్తుగా పేర్చిన పెద్ద లారీ మలుపులలో సులువుగా బోల్తాపడుటకును ఇదియే కారణము. బొమ్మ పడినచో మరల నిలుపవచ్చును. బాటపై లారీ పడినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు.