ఈ చీర ఏ జాతి?

పిల్లలూ! ఆవు ఏ జాతిదో దాని పుట్టుక చెబుతుంది. 79 ప్రోటాన్ల పరమాణువులు ఎక్కడున్నా బంగారమే. మరి మనిషి చేసిన వస్తువుల రకాలను ఎలా తేల్చాలి?

"వాడకాన్ని బట్టి సార్!" అంటారు మా తరగతిలో చాలామంది. నీళ్లు ముంచే చెంబు ఇత్తడిదైనా ప్లాస్టిక్‌దైనా చెంబే గదా! కాని మా వీధిలో ఒక ఇంటి ముందు పాత ఇసుర్రాయి మెట్టుగా పడి ఉంది. దాని మీద జొన్నలు విసిరి ఎన్నేళ్లయిందో! ఇప్పుడు కాళ్లు కడుక్కుంటున్నారు. అయినా అందరూ దాన్ని ఇసుర్రాయి అనే అంటారు. అంటే ఇప్పటి వాడకంకన్నా, దేనికోసం చేశారన్నది ముఖ్యమైందన్నమాట.

ఇంతకన్నా చిక్కు ప్రశ్న చూడండి. పోచంపల్లి చీర ఒకటి, అదే బొమ్మను మిల్లులో అచ్చువేసిన చీర ఒకటి తీసుకోండి. రెండూ నూలువే. కొలత ఒకటే, చేసింది కట్టుకోవడానికే. తేడా చేసిన తీరులో ఉంది. పోచంపల్లిలో నేయకముందే పోగులను కట్టలుగా చేర్చి, గుర్తుల ప్రకారం గట్టిగా ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. మగ్గం మీద ఆ పోగులు పక్కపక్కన చేరినప్పుడు బొమ్మ తేలుతుంది. దీన్నే అక్కడ చిట్కి అంటారు, బయటివారు ఇక్కత్ అంటారు.

ఇంట్లో పాత చీరను తిరగేసి చూడండి. అచ్చు చీరకు సాధారణంగా వెనకవైపు రంగు పలచగా ఉంటుంది. చిట్కి చీరకు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అది లోపం కాదు, నేతలో పోగులు కొంచెం అటూ ఇటూ జరగడం వల్ల అలా వస్తుంది. అంచున ఒక పోగు లాగితే ఇంకా బాగా తెలుస్తుంది. (అమ్మ పెళ్లి చీర మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు!)

అచ్చు చీరను పోచంపల్లి పేరుతో అమ్మితే, రోజుల తరబడి ముడులు కట్టినవారి కూలి పోతుంది. అందుకే 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద ఆ పేరుకు రక్షణ కల్పించారు. గుజరాత్‌లోని పటాన్‌లోనూ పోగులకు ముడులు కట్టి రంగులద్దే నేస్తారు. అదీ ఇక్కతే, కాని పోచంపల్లి ఇక్కత్ కాదు. చూశారా, ఇక్కడ ఊరు కూడా లెక్కలోకి వచ్చింది!

ముడులు కట్టడానికి ముందు పేక నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి పడే భుజం నొప్పి చూడలేక, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఈ పనికి యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. "యంత్రం ఆసు పోస్తే అది పోచంపల్లి చీర కాదా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. అవుననే నా జవాబు. ఆసుతో పోగులు వరుసగా చేరతాయి. బొమ్మ పుట్టేది ఆ తర్వాత కట్టే ముడులతో, వేసే రంగులతో.

గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. ఒళ్లు కూడా పట్టుతోనే నేస్తే అది గద్వాల చీరేనా? మీకు తెలిసిన నేతపనివారిని అడగండి. వారు చెప్పే కారణాలు నోటుపుస్తకంలో రాసుకోండి.