కొత్త ఉద్యోగంలో చేరిన అబ్బాయికి: పనికి వెళ్ళే సైకిలు

ఇంటికీ పనికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లే ఉంటే గేర్లు లేని మామూలు ఉక్కు సైకిలు చాలు. పెడళ్ళ దగ్గర పెద్ద పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్ళు ఉన్న 26 అంగుళాల సైకిలు పెడలు ఒక్క చుట్టు తిరిగితే సుమారు 5 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 18 కిలోమీటర్లు. అలవాటైన కాళ్ళకు ఇది ఆయాసం తెప్పించే వేగం కాదు. కూడళ్ళ దగ్గర ఆగినా ఐదు కిలోమీటర్ల దారి పాతిక నిమిషాల్లోపే అయిపోతుంది. విజయవాడ కాలవ గట్లు, కాకినాడ వీధులు లాంటి చదును దారులకు ఇంతకు మించి అక్కర్లేదు. విశాఖపట్నం మెరకలు, హైదరాబాదులో బంజారాహిల్స్ ఎత్తులు రోజూ ఎక్కేవారి సంగతి వేరు. వారికి వెనక చక్రానికి ఆరేడు గేర్లుంటే మేలు. ముందు మూడు, వెనక ఏడు కలిపి 21 గేర్లని చెప్పేవాటిలో చాలా జతల మధ్య తేడా కాళ్ళకు తెలియనంత తక్కువ.

తక్కువ ధరలో డిస్కు బ్రేకులు, ముందు షాకులు, లావు టైర్లు ఉన్న సైకిలు కంటికి ఇంపుగా ఉంటుంది. ఆ ధరలో వచ్చే షాకులు బరువు పెంచుతాయి, లేచి తొక్కినప్పుడు కాలి బలాన్ని కొంత మింగేస్తాయి. డబ్బంతా వాటికే పోతే బేరింగుల్లో, రిమ్ముల్లో, చైనులో నాణ్యత తగ్గుతుంది. రోజూ అరిగేవి ఇవే. అందుకే మొదటి సైకిలుకి షాకులు వద్దు.

బ్రేకుల విషయంలో వానాకాలాన్ని తలచుకుని కొనాలి. మెరిసే ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారుతుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అల్యూమినియం రిమ్ము, తీగతో పనిచేసే రబ్బరు బ్రేకులు ఉంటే తడిలోనూ పట్టు బాగుంటుంది, ఏ మూల షాపులోనైనా సరిచేస్తారు.

కొలత కుదరని సైకిలు ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. పై రాడ్డుకి రెండు వైపులా కాళ్ళు వేసి నేల మీద నిలబడితే రాడ్డుకి పైన రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, పూర్తిగా కిందికి దిగిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. నేల అందాలని సీటు బాగా దించేసి తొక్కేవారికి మోకాళ్ళ నొప్పి వస్తుంది, తప్పు సైకిలు మీద పడుతుంది.

దుకాణంలో తొందర పనికిరాదు. ముందు చక్రం పైకెత్తి తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు చూడాలి. ఆ సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే రిమ్ము బెండు ఉన్నట్టే. పుల్లల్ని రెండేసి చొప్పున నొక్కితే అన్నీ ఒకేలా బిగువుగా తగలాలి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ కదిపితే హ్యాండిలు కింద టకటక వినిపించకూడదు. పెడలు కడ్డీని పక్కకు లాగితే ఆడకూడదు. ఇవన్నీ ఐదు నిమిషాల పని. తర్వాత దుకాణం ముందు వీధిలో ఒక చుట్టు తొక్కి చూడనివ్వని చోట కొనకపోవడమే మంచిది.

లూధియానా హీరో, ఏవన్ గాని, చెన్నై టీఐ సంస్థ బీఎస్ఏ, హెర్క్యులిస్ గాని తీసుకుంటే విడిభాగాలు చిన్న ఊళ్ళలోనూ దొరుకుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. బేరమాడేటప్పుడు ఆ మాట అడగాలి. ఆన్‌లైన్లో కొన్నది విప్పిన భాగాలతో పెట్టెలో వస్తుంది. బిగింపు తెలిసిన మెకానిక్కు దగ్గర లేకపోతే అక్కడ మిగిలిన డబ్బు ఇక్కడ పోతుంది.

పాత సైకిలైనా చిన్నచూపు అక్కర్లేదు. హ్యాండిలు కింద అతుకుల దగ్గర రంగు ముడతలు పడినా, చీలిక కనిపించినా వదిలేయాలి. ఫ్రేము నంబరున్న బిల్లు లేనిది ముట్టుకోకూడదు. టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు మార్చడానికయ్యే ఖర్చు ముందే కలుపుకుని ధర మాట్లాడాలి.

సైకిలుకి పెట్టే డబ్బులో కొంత మొదటే పక్కన ఉంచాలి. గట్టి తాళం, వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, హెల్మెట్టు, మడ్గార్డు, క్యారియరు, చేతిపంపు ఆ డబ్బుతో కొనాలి. ఇంటికొచ్చేసరికి చీకటి పడే ఉద్యోగమైతే లైట్లు కొనకుండా సైకిలు దుకాణం గడప దాటకూడదు.

కొత్త సైకిలుకి మొదటి నెలలో బ్రేకు తీగలు సాగుతాయి, పుల్లలు వదులవుతాయి. నెల తిరగ్గానే కొన్న దుకాణానికి తీసుకెళ్ళి బిగింపులు చూపించుకోవాలి. టైరులో గాలి వారానికొకసారి, టైరు పక్కన అచ్చువేసిన అంకె ప్రకారం నింపాలి. గాలి తక్కువైన టైరు గుంతలో పడితే ట్యూబు రిమ్ముకి నొక్కుకుని రెండుచోట్ల పంక్చరవుతుంది.

ఆశీస్సులతో,
పెద్దనాన్న