తక్కువ ఖర్చు కామ్‌కార్డర్‌తో హారతి, హరికథ, అమ్మమ్మ పాటలు

"మీరు ఏ కెమెరా వాడతారండీ? లక్ష రూపాయలు పెట్టాలా?" అని చాలామంది అడుగుతున్నారు. వీడియోలో చెప్పడానికి టైమ్ సరిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను వాడేది అరచేతిలో పట్టే చిన్న ఫుల్ హెచ్‌డీ హ్యాండీకామ్. లక్షలో చిన్న భాగం కూడా కాలేదు.

ఫోన్ ఉండగా ఇదెందుకు అంటారా? రెండు గంటల హరికథ ఫోన్‌తో తీసి చూడండి. ఫోన్ వేడెక్కుతుంది, మధ్యలో ఎవరో కాల్ చేస్తారు. ఫోటోలు తీసే కెమెరాల్లో కూడా, ముఖ్యంగా పాతవాటిలో, ఒక క్లిప్ అరగంట దగ్గర ఆగిపోతుంది. కామ్‌కార్డర్‌కి ఆ గొడవ లేదు. కార్డు, బ్యాటరీ ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. పైగా జూమ్. సోనీ సీఎక్స్405 లాంటి మామూలు మోడల్‌కే 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. మండపం చివర కూర్చునే దాసుగారి చేతిలో చిడతలు స్పష్టంగా పట్టుకోవచ్చు, ఎవరికీ అడ్డం వెళ్లక్కర్లేదు.

కొనేటప్పుడు డబ్బా మీద "ఆప్టికల్" అన్న మాట ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకి "4కే, 16 ఎక్స్ డిజిటల్ జూమ్" అని కనిపించే వాటి జోలికి వెళ్లకండి. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మనే సాగదీయడం, అంతే. ఇంకోటి, మైక్ జాక్. సీఎక్స్405కి అది లేదు. భజనలకి సౌండే ప్రాణం కాబట్టి జాక్ ఉన్న మోడల్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే కాలర్ మైక్‌ని ఫోన్‌కి పెట్టి వేరుగా రికార్డు చేసి, మొదట్లో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలుపుకోవచ్చు.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన కెమెరా అయితే ఒక చిక్కుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి మోడల్స్ చాలావరకు సెకనుకి 60 ఫ్రేములు తీస్తాయి. మన గుళ్లో ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. షట్టర్ మార్చే వీలుంటే సెకనులో 100వ వంతుకి పెట్టండి, చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు హారతి. చీకట్లో ఒక్క కర్పూరం వెలుగు, దాని వెనక అలంకారం. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, మంట తెల్లటి మచ్చ అయిపోతుంది. ఎక్స్‌పోజర్ ముందే కాస్త తగ్గించి అక్కడే ఆపండి. వైట్ బ్యాలెన్స్‌ని "అవుట్‌డోర్"లో పెట్టండి, దీపం బంగారు రంగు అలాగే ఉంటుంది. చిన్న సెన్సార్ కదా, చీకట్లో కొంచెం గరుకుగా కనిపిస్తుంది. పర్వాలేదు, లైటు మాత్రం వేయకండి. గర్భగుడి వైపు కెమెరా తిప్పే ముందు అర్చకస్వామిని అడగండి. చాలా గుళ్లలో మూలవిరాట్టుని తీయనివ్వరు. వద్దంటే వద్దు. ఊరేగింపులో ఉత్సవమూర్తి బయటికి వస్తాడు, అప్పుడు తీసుకోవచ్చు.

నేను ఈ కెమెరా కొన్నది అసలు గుడి కోసం కాదు, మా అమ్మమ్మ కోసం. ఆవిడకి వాళ్ల అత్తగారు నేర్పిన మంగళహారతులు కొన్ని వచ్చు. ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. వరస ఆవిడ గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు, ఆ గొంతు ఏటికేడు సన్నబడుతోంది. "అమ్మమ్మా, పాడవా" అని కెమెరా ఎదురుగా పెడితే రెండు చరణాలకే "ఇంకేం గుర్తులేదే" అంటుంది. పళ్లెం చేతిలోకి వచ్చి కర్పూరం వెలిగితే మాత్రం మొత్తం వరసగా వచ్చేస్తుంది. అందుకని శుక్రవారం పూజకి గంట ముందే ట్రైపాడ్ మూలన పెట్టి, రికార్డింగ్ నొక్కి, నేను పక్కకి తప్పుకుంటాను. కాసేపటికి కెమెరా సంగతి ఆవిడ మర్చిపోతుంది. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేస్తాను, ఎందుకంటే ఆ గుయ్‌మనే శబ్దం తర్వాత తీసేయడం కష్టం. పాట అయ్యాక కెమెరా ఆపను. "ఆ మాటకి అర్థం ఏంటి అమ్మమ్మా?" అని అడిగితే అప్పుడు చెప్పే కబుర్లు కూడా కావాలి కదా.

కార్డు లెక్క ఇది. 50 ఫ్రేముల ఏవీసీహెచ్‌డీలో 28 మెగాబిట్ల క్వాలిటీకి గంటకి సుమారు 12, 13 జీబీ పడుతుంది. 64 జీబీ కార్డు ఉంటే పూజకీ, హరికథకీ హాయిగా సరిపోతుంది. పెద్ద రికార్డింగ్ కంప్యూటర్లో ముక్కలుముక్కలుగా కనిపిస్తే కంగారు పడకండి, వరసగా పెడితే అతుక్కుంటాయి. ఫైళ్లు ఒక్కొక్కటి ఏరకుండా కార్డులో ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఫోల్డర్ పేరులో తేదీ, ఊరు, పాడినవారి పేరు రాయండి. రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ పడి, రెండూ తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి.