బిల్లు కన్నా ముందు ముసాయిదా చదువు

నర్సీపట్నం

చిరంజీవి మనవరాలికి,

విద్యుత్ నియంత్రణ చట్టాలు నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటావని అడిగావు. చాలామంది టారిఫ్ ఆర్డర్లు చదవమంటారు. నేను ముసాయిదా నిబంధనలతో మొదలుపెట్టమంటాను. మన నర్సీపట్నం ఇళ్లకు కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చే బిల్లులో జనానికి కోపం తెప్పించే పద్దులు చాలావరకు ఆ నెలలో పుట్టినవి కావు. ఏడాదో రెండేళ్లో ముందు, ఎవరూ పట్టించుకోని ఒక ముసాయిదాలో పుట్టినవి. 2003 విద్యుత్ చట్టం మనకు రెండు చోట్ల నోరిచ్చింది. 64వ సెక్షన్ ప్రకారం డిస్కంలు, అంటే పంపిణీ సంస్థలు, ధరల ప్రతిపాదనను ప్రజలకు ప్రకటించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు చూశాకే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. 181వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఏ నిబంధన తెచ్చినా ముందు దాని ముసాయిదా ప్రచురించాలి. మొదటి దానికి పత్రికలు, పార్టీలు, రైతు సంఘాలు అన్నీ కదులుతాయి. రెండోదానికి కదిలేవాళ్లు చాలా తక్కువ. అసలు బలం మాత్రం రెండోదానిలోనే ఉంది. నిబంధన ఖరారయ్యాక జరిగే విచారణలో లెక్క తప్పా ఒప్పా అని అడగగలమే తప్ప, ఆ లెక్క వేసే పద్ధతే తప్పని అంటే చెల్లదు.

ముందుగా ప్రకటించడమన్నది ఉత్త లాంఛనం కాదని 2021లో మన రాష్ట్రంలోనే తేలింది. 2014-19 కాలానికి పంపిణీ ఖర్చుల తేడా కింద, అంటే ట్రూ అప్ కింద, 3,669 కోట్ల రూపాయలు వసూలు చేసుకోవచ్చని ఆ ఆగస్టులో మన రాష్ట్ర కమిషన్ ఏపీఈఆర్‌సీ అనుమతిచ్చింది. సెప్టెంబరు బిల్లుల్లో వసూలు కూడా మొదలైంది. డిస్కంల పిటిషన్లపై పత్రికల్లో ప్రకటన సక్రమంగా రాలేదంటూ విషయం హైకోర్టుకు వెళ్లింది. కమిషన్ తన ఉత్తర్వును వెనక్కి తీసుకుని, ప్రకటన ఇప్పించి, మళ్లీ బహిరంగ విచారణ జరిపింది. 2022 మార్చిలో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ మొత్తం సుమారు 2,910 కోట్లకు దిగింది. తగ్గిన 750 కోట్ల పైచిలుకు అంతా అభ్యంతరాల చలవేనని నేననను. లెక్కలు తిరగేసినప్పుడు కమిషన్ కంటికే కొన్ని కనిపించి ఉండవచ్చు. కానీ తిరగేయాల్సిన అవసరం తెచ్చింది ఆ అభ్యంతరమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2022 డిసెంబరు చివర్లో కేంద్ర విద్యుత్ శాఖ నిబంధనలు సవరించి, ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులో వచ్చే తేడాను నెలనెలా దానంతటదే వినియోగదారుడి మీదికి మళ్లించే పద్ధతి తెచ్చింది. దానికి అనుగుణంగా ఏపీఈఆర్‌సీ 2023లో తన నిబంధన సవరించింది. దాని ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేకుండా యూనిట్‌కు 40 పైసల వరకు డిస్కంలు వసూలు చేసుకోవచ్చు, ఏడాది లెక్క తర్వాత తేలుస్తారు. అలా 2024-25కు జనం దగ్గర వసూలైంది సుమారు 2,787 కోట్లు. 2025 సెప్టెంబరులో కమిషన్ లెక్క చూసి 1,863 కోట్లకే ఆమోదం తెలిపింది. మిగిలిన 923 కోట్లను యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగి ఇమ్మని ఆదేశించింది. ట్రూ డౌన్ వచ్చిందని అందరూ సంతోషించారు. నాకు తోచే ప్రశ్న వేరు. వసూలైన దానిలో మూడో వంతు ఉన్న ఆ అదనపు డబ్బు అన్నాళ్లు డిస్కంల దగ్గర ఉండటానికి వీలిచ్చింది ఏది? 2023 నాటి నిబంధన. పరిమితి 40 పైసలే ఎందుకు, 20 ఎందుకు కాకూడదు, ఎక్కువ తీసుకుంటే వడ్డీ ఎవరు కట్టాలి అన్నవి ముసాయిదా మీద అడగాల్సిన ప్రశ్నలు. 2025లో అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

నెలనెలా వసూలు చేయడమే మేలు కదా అని నువ్వు అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. 2022-23 ఖర్చు తేడా కింద కమిషన్ ఆమోదించిన 6,072 కోట్లను 2024 డిసెంబరు నుంచి వసూలు చేశారు. అప్పుడు కరెంటు వాడుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాడి బాకీ తర్వాత అద్దెకు దిగినవాడు కట్టాల్సి వచ్చిందన్నమాట. ఆలస్యం కూడా అన్యాయమే. కాబట్టి నెలవారీ సర్దుబాటు వద్దని వాదించమని నీకు చెప్పను. దాని హద్దు, దాని వడ్డీ, దాని తనిఖీ గురించి అది ముసాయిదాగా ఉన్నప్పుడే వాదించమంటాను.

ఇక కమిషన్ ఎవరి మాటా వినదు, అంతా ప్రభుత్వం చెప్పినట్టే జరుగుతుందనే వాదన ఉంది. సబ్సిడీ విషయంలో ప్రభుత్వం మాట బలమైనదే. మన పక్కనున్న గొలుగొండ, నాతవరం రైతు బోరు మోటారుకు బిల్లు రాకపోవడానికి కారణం ప్రభుత్వ నిర్ణయం. కానీ ఆ సొమ్మును ముందుగా చెల్లించాలని 65వ సెక్షన్ చెబుతుంది. చెల్లించకపోతే ఆ లోటు ఎవరి మీద పడుతుందో అడిగే వేదిక కమిషన్ విచారణే. పైగా ఏ టారిఫ్ ఆర్డర్ తెరిచినా ప్రజల అభ్యంతరం, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం వరుసగా అచ్చయి ఉంటాయి. ఒప్పుకోకపోయినా, ఎందుకు ఒప్పుకోలేదో రాయక తప్పదు. ఆ రాతే రేపు విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో ఆధారం. వీధి పోరాటం వద్దని దీనికి అర్థం కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ప్రాణాలు పోయిన కరెంటు చార్జీల వ్యతిరేక ఉద్యమం లేకపోతే, ఆ తర్వాతి ప్రభుత్వాలు చార్జీలు పెంచడానికి అంత జంకేవి కావు. అయితే ఊరేగింపు ధరను ఆపగలదు గానీ నిబంధనలోని ఒక ఉపవాక్యాన్ని సవరించలేదు. అది కాగితం మీద చేయాల్సిన పని.

నువ్వు ఇంజినీరువి కాకపోవడం దీనికి అడ్డు కాదు. ముసాయిదా వచ్చిన రోజే చివరి తేదీ చూడు. గడువు తరచుగా కొద్ది వారాలే. పాత నిబంధన పక్కన పెట్టుకుని ఏ మాట మారిందో గీత గియ్యి. 'ముందస్తు అనుమతితో' అన్న మాట పోయిందా, 'గరిష్ఠంగా' అన్న చోట అంకె మారిందా, గడువు దాటితే ఏమవుతుందో రాశారా అని చూడు. అభ్యంతరం రాసేటప్పుడు ఆవేశం ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా పేరా సంఖ్య, పట్టిక సంఖ్య, నువ్వు కోరే మార్పు, దాని బదులు ఉండాల్సిన వాక్యం. అన్యాయం అని మాత్రమే రాస్తే 'గమనించాం' అని జవాబొస్తుంది. బదులు వాక్యం రాసిస్తే దాన్ని తీసుకోవాలి, లేదా ఎందుకు తీసుకోలేదో చెప్పాలి. కేంద్రం 2025 అక్టోబరులో విడుదల చేసిన విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదాతో సాధన మొదలుపెట్టు. ఒకే లైన్ల మీద ఒకటికి మించి డిస్కంలు కరెంటు అమ్మవచ్చన్న ప్రతిపాదన అందులో ఉంది. ఆ లైన్ల మరమ్మతు ఖర్చు ఎవరి పద్దులో పడుతుందో, మన్యం అంచున ఉన్న మన పల్లెలకు ఎవరు ముందుకొస్తారో చూసి, ఒక పేజీలో రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య