మలేరియా పరీక్షలో బంగారు రేణువులు

జ్వరముతో మూలుగుచున్న బిడ్డకు వచ్చినది మలేరియాయా, వేరొక జ్వరమా అని నుదురు తాకి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించుట చిరకాలముగా నున్న పద్ధతి. కాని ఆ యంత్రమును, దానితో చూడనేర్చినవారును ప్రతి గ్రామమునందును ఉండరు. అట్టిచోట్ల ఆశా కార్యకర్తలు చిన్న పరీక్షపట్టీతో ఇంచుమించు ఇరువది నిమిషములలో ఫలితము తెలిసికొనుచున్నారు. ఆ పట్టీలో సాధారణముగా గీతకు రంగు నిచ్చునది బంగారము.

నానోమీటరు అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. తల వెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఈ బంగారు రేణువులు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. ఇంత సూక్ష్మమైనపుడు బంగారము పసుపువన్నె విడిచి ఎర్రగా కనబడును. మైకేల్ ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ ఎర్రని ద్రవములను పరిశోధించి 1857లో వివరించెను.

ఈ రేణువులకు ప్రతిరక్షకములను అంటించుదురు. ఫాల్సిపారం జాతి మలేరియా క్రిమి రక్తములోనికి హెచ్.ఆర్.పి.-2 అను మాంసకృత్తును విడుచును. రక్తపుబొట్టు పట్టీపై ప్రాకునపుడు రేణువులు ఆ మాంసకృత్తును పట్టుకొని, ముందుగా నిర్ణయించిన చోట ఆగి ఎర్రగీతగా ఏర్పడును. 'సి' అను గుర్తువద్ద మరియొక గీత తప్పక రావలెను. అది రానిచో ఆ పరీక్ష చెల్లదు; క్రొత్త పట్టీతో మరల చేయవలెను.

పరీక్షకు పరిమితులును కలవు. క్రిములు మిక్కిలి తక్కువగా నున్నచో గీత కనబడకపోవచ్చును. కొన్ని క్రిములలో హెచ్.ఆర్.పి.-2ను తయారుచేయు జన్యువే లేదని పెరూ దేశమున 2010లో వెల్లడియైనది. వ్యాధి నయమైన పిదపను కొన్ని వారములు గీత రావచ్చును. కావున గీత లేదని నిశ్చింతగా నుండరాదు. జ్వరము తగ్గనిచో బిడ్డను వైద్యునివద్దకు కొనిపోయి రక్తమును మరల పరీక్షింపించవలెను.

పట్టీలోని బంగారము రోగి శరీరములో ప్రవేశించదు. దానివలన అతనికి హాని లేదు. జాగ్రత్త వహింపవలసినది రక్తమంటిన సూది విషయముననే. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడరాదు.

అయితే నానోపదార్థము లన్నియు నిరపాయకరములని తలపరాదు. కర్బన నానోనాళికలలో ఒక రకము మానవులకు క్యాన్సరు కలిగింపవచ్చునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2014లో నిర్ణయించినది. పదార్థ మేదియైనను, దాని పరిమాణము, ఆకారము, మోతాదు, శరీరములో ప్రవేశించు మార్గము, వీనినన్నిటిని పరీక్షించిన పిమ్మటనే వాడుట క్షేమము.