బండరాళ్లపై ప్రాకే జీపుకు ఇంజను

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలలో రూబికాన్ ట్రెయిల్ అను రాతిబాట ఉన్నది. అచ్చట జీపులు మనిషి నడక కంటె మెల్లగా ప్రాకుతాయి. నిటారు బండపై ఇంజను ఆగినచో బండి వెనుకకు జారును. కనుక కావలసినది వేగము కాదు. నిమిషానికి వేయి భ్రమణాల వద్దనే లభించే మెలిబలము, అనగా టార్కు. అశ్వశక్తి అంకెను చూచి మురిసిపోవుట ఇచ్చట పొరపాటని నా అభిప్రాయము.

ఔత్సాహికుల యుక్తి ఒకటి గమనింపదగినది. 1987 నుండి 2006 వరకు జీపులలో వచ్చిన 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనులో పిస్టను నడక 86.7 మిల్లీమీటర్లు. అదే వంశమునకు చెందిన పాత 4.2 లీటర్ల ఇంజనులో అది 98.9. ఈ పాత క్రాంకుషాఫ్టును 4.0 బ్లాకులో అమర్చుతారు. అప్పుడు పిస్టను 6.1 మి.మీ. అదనముగా పైకి లేచి హెడ్డును ఢీకొనవలెను కదా! ఢీకొనదు. పాత ఇంజను కనెక్టింగు రాడ్డు 6.35 మి.మీ. పొట్టి, దానిని కూడ వాడుతారు. సిలిండరు వ్యాసము 98.4 మి.మీ. లెక్కించి చూడుడు: మొత్తము ఘనపరిమాణము సుమారు 4.5 లీటర్లు!

అయితే సంపీడన నిష్పత్తి పెరుగును; నాసి పెట్రోలు పోసినచో నాకింగు తప్పదు. పందెపు కార్లవలె కవాటాలను ఎక్కువసేపు తెరచియుంచు కామ్‌షాఫ్టు పనికిరాదు. అల్పవేగమున పీల్చిన గాలి కొంత వెనుకకే పోవును. బండి ఒరిగినపుడు సంపులోని నూనె ఒక ప్రక్కకు చేరి పంపుగొట్టమునకు అందకపోవచ్చును. బేరింగులు కాలిపోవుటకు కొద్దిసేపు చాలును.