ఈ కత్తి ఎవరి గడ్డానికి?

పోయిన నెల మా మేనల్లుడు ఫోన్ చేశాడు. సెలూన్‌లో పనికి చేరి అప్పటికి మూడు వారాలు. ‘మామా, సొంత కత్తి తెచ్చుకోమన్నారు. ఒకటి చూశాను, పాతకాలం మడత కత్తి, కొమ్ము పిడి. తీసుకోనా?’ అని ఫొటో పంపాడు. కత్తి చూడముచ్చటగానే ఉంది. నేను మాత్రం ధర అడగలేదు, ఏ ఊరి సరుకని కూడా అడగలేదు. ‘దాంతో ఎవరి గడ్డం గీస్తావురా?’ అన్నాను.

కొత్తగా కత్తి పట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది అదే. కుర్చీలో కూర్చునే మనిషికైతే ఒక రకం, సొంత గడ్డానికైతే ఇంకో రకం. ఒకే కత్తితో రెండు పనులూ కానిద్దామంటే కుదరదు.

మన పెద్దలు పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన రోజుల్లో ఊరందరికీ ఒకటే కత్తి. రాయి మీద నూరి, తోలుపట్టీ మీద నాలుగుసార్లు ఆడించి, గీతపడితే పటిక రుద్దేవాళ్లు. వాళ్ల చేతిపనికి ఇవాళ్టికీ దండం పెడతాను. అయితే వాళ్లకు తెలియనిది ఇప్పుడు మనకు తెలుసు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, వస్తువుల మీద కూడా కనీసం 7 రోజులు బతికుంటుంది. కంటికి ఆనని రక్తపు చారైనా దానికి చాలు. నూరి వాడే కత్తిని ఒక గిరాకీకీ మరో గిరాకీకీ మధ్య ఉన్న ఐదు నిమిషాల్లో నమ్మకంగా శుద్ధి చేయలేం. అందుకే పనిలో మీ మొదటి కత్తి బ్లేడు మార్చేదే కావాలి. హైదరాబాద్‌లో ఉస్త్రా అడిగితే ఇప్పుడు ఎక్కువగా చేతికిచ్చేది అదే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు వెళ్లిన భక్తుడికి టోకెన్‌తోపాటు కొత్త బ్లేడు కూడా ఇస్తారు. మీ కుర్చీ దగ్గరా అదే పద్ధతి ఉండాలి. కాగితం విప్పడం గిరాకీ కళ్ల ముందే జరగాలి.

ఈ రకం చవకగా దొరుకుతుంది కాబట్టి చూడకుండా కొనేస్తారు. చూసి కొనండి. సగం బ్లేడు ఒకటి వెంట తీసుకెళ్లి కొట్లోనే బిగించండి. పట్టి కదిపితే బ్లేడు కదలకూడదు. అంచు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మేర బయటికి కనపడాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉందంటే చర్మం మీద ఒత్తిడి సమంగా పడదు. బ్లేడు మూలలు బయటికి పొడుచుకు రాకూడదు, కొత్తవాళ్ల చేతిలో చెవి కింద తెగేది చాలావరకు ఈ మూలల వల్లే. అంచు ఎంత తక్కువ బయటికుంటే నేర్చుకునేవాడికి అంత మంచిది. పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. ప్లాస్టిక్ పిడి సందుల్లో నురగ, వెంట్రుకలు చేరితే వాటిని కడగడం మీ తరం కాదు. ప్రతి గిరాకీ తరవాత బ్లేడు తీసేసి, సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, 70 శాతం ఆల్కహాల్‌తో మళ్లీ తుడవాలి. ఈ పనికి బ్లీచింగ్ నీళ్లు వద్దు, లోహాన్ని తినేస్తాయి.

బ్లేడును రెండు ముక్కలు చేసేటప్పుడు కాగితంతో సహా విరవండి. వాడిన ముక్కలు మూత ఉన్న గట్టి డబ్బాలోనే పడాలి. చెత్తబుట్టలో విడిగా వేసిన బ్లేడు తెల్లారి పారిశుద్ధ్య కార్మికురాలి వేలు కోస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఇక సొంత గడ్డం సంగతి. నూరి వాడే కత్తి దగ్గరుంచుకోండి, ముమ్మాటికీ నేర్చుకోండి. బ్లేడు కత్తితో చేయి బరువుపడ్డా పని ఎలాగో నడిచిపోతుంది. నూరే కత్తి దగ్గర ఆ ఆటలు సాగవు. ఏ కోణంలో ఆనించాలో, చర్మం ఎంత బిగించాలో, వెంట్రుక ఏ వాలున ఉందో అది నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. మొదటిసారికి 5/8 తీసుకోండి, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. అంతకన్నా వెడల్పుదైతే ముక్కు కింద తిప్పడం కష్టం. కొస గుండ్రంగా ఉన్నదే కావాలి. చదరంగా, సూదిగా ఉన్న కొస మీసం అంచు తీర్చడానికి బాగుంటుంది గానీ, చేయి కుదిరేదాకా అది ప్రమాదమే. రెండు పక్కలా లోతుగా తవ్వినట్టు పలచగా చేసిన దాన్ని ఫుల్ హాలో అంటారు, మందంగా వదిలేసినదాన్ని వెడ్జ్ అంటారు. నా మాట వింటే మధ్యరకం, హాఫ్ హాలో. ఉక్కులో కార్బన్ రకం రాయికి సులువుగా లొంగుతుంది, కానీ తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలిలో ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకుంటే తలనొప్పి తక్కువ. కార్బనే ఇష్టమైతే వాడగానే తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాయండి. బాత్రూంలో మాత్రం పెట్టకండి.

చాలా ఇళ్లలో తాతల పొదిలోంచి వచ్చిన కత్తి ఉంటుంది. తోక దగ్గర జర్మనీ వాళ్ల సోలింగెన్ పేరో, ఇంగ్లండ్ వాళ్ల షెఫీల్డ్ పేరో చెక్కి ఉంటే అది తీసి పారేయదగ్గది కాదు. ముందు వెలుతురులో పెట్టి అంచు చూడండి. సన్నటి పగులు ఉందంటే దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, గడ్డానికి వద్దు. తుప్పు పైపైన ఉంటే పోతుంది, అంచు దగ్గర గుంటలు పడితే పోదు. తరవాత అద్దం పలక మీద పడుకోబెట్టండి. మందంగా ఉన్న వెనక అంచూ, పదునంచూ రెండూ పొడవునా అద్దానికి ఆనాలి. ఈ కత్తిని నూరే కోణాన్ని ఆ వెనక అంచు మందమే నిర్ణయిస్తుంది కాబట్టి, ఎప్పుడు నూరినా రెండూ కలిసి రాయి మీద ఉండాలి. ఎవరో వెనక అంచును ఒకవైపే అరగదీసి ఉంటే ఆ కత్తి కొత్తవాడి చేతికి కుదరదు.

వీధిలో చక్రం తిప్పుతూ కత్తులు సాన పట్టేవాళ్లకు దీన్ని ఎప్పుడూ ఇవ్వకండి. వంటింటి కత్తికి ఆ చక్రం సరిపోతుంది. ఇంత పలచటి ఉక్కు మాత్రం ఆ వేడికి మెత్తబడిపోతుంది, అంచు నీలిరంగు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. నూరడం చేతనైన పెద్ద మేస్త్రి దగ్గర ఒకసారి సరైన పదును పెట్టించుకోండి. సొంతంగా నేర్చుకోవాలంటే 1000 నంబరు రాయి అంచును కుదురుస్తుంది, 4000 దాటి 8000కి వెళ్తే నునుపు వస్తుంది. మొదటి ఆర్నెల్లు రాళ్ల మీద డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బుతో తోలుపట్టీ కొనండి. అదీ ఖరీదైంది వద్దు, కొత్తవాళ్లందరూ మొదటి పట్టీని కోసేస్తారు. పట్టీ మీద కత్తి వెనక అంచు ముందు నడవాలి, పదునంచు దాని వెంట రావాలి. చివర తిప్పేటప్పుడు వెనక అంచు మీదే దొర్లించాలి.

కొన్న రోజే గొంతు దగ్గరికి వెళ్లకండి. బెలూన్‌కు నురగ రాసి గీయండి. తరవాత మీ చెంప, వెంట్రుక వాలుకే, చర్మానికి దాదాపు 30 డిగ్రీల కోణంలో. గడ్డం కింద వంపు అన్నిటికన్నా చివర.

మేనల్లుడికి ఇంకో పని కూడా చెప్పాను. కత్తి కన్నా ముందు హెపటైటిస్ బి టీకా వేయించుకోమన్నాను. మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. రోజూ పదిమంది చర్మం తాకే మనిషికి ఇది పనిముట్టుతో సమానం. వాడు కొమ్ము పిడి కత్తిని పక్కన పెట్టి, స్టీలు ఉస్త్రా, తోలుపట్టీ కొన్నాడు. మా నాన్న కత్తి నా దగ్గరే ఉంది, పండక్కి వచ్చినప్పుడు వాడి చేతిలో పెడతాను. మొదటి డోసు అయిపోయింది. రెండోది వచ్చే సోమవారం.